పీఎఫ్ ఖర్చు తగ్గాలంటే కోత ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు కారప్పొడి, పచ్చళ్లు తయారుచేసే యూనిట్ ఉంది. 40 మంది పనిచేస్తున్నారు. జీతం సగటున 14,000 రూపాయలు. పీఎఫ్ పనంతా ఒక కన్సల్టెంట్ చూస్తారు. ఆయన ఫీజు, అడ్మిన్ ఛార్జీలు, ఎవరు మానేసినా పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగడం, అన్నీ కలిసి భారమైపోతున్నాయి. సొంత ట్రస్టు పెట్టుకోమని ఒకరు, బేసిక్ తగ్గించి మిగతాది అలవెన్సుగా చూపమని ఇంకొకరు చెబుతున్నారు. అడ్మిన్ ఛార్జీని జీతాల్లోంచి పట్టుకోవచ్చని మా అకౌంటెంట్ అంటున్నారు. వచ్చే ఏడాది ఇద్దరు పాత పనివాళ్లు రిటైరవుతున్నారు, గ్రాట్యుటీకి మేం ఏమీ దాచలేదు. చట్టప్రకారం ఖర్చు తగ్గే దారి ఉందా?

జవాబు: ఉంది. కానీ మీకు చెప్పిన ముగ్గురి దారీ అది కాదు.

ముందు లెక్క చూద్దాం. మీ నెల జీతాల మొత్తం 5,60,000. పీఎఫ్ నిర్వహణ ఖర్చు కింద కట్టే అడ్మిన్ ఛార్జీ ఇందులో 0.5 శాతం, అంటే నెలకు 2,800 రూపాయలు. 2018 జూన్‌కు ముందు ఇది 0.65 శాతం ఉండేది. ట్రస్టు పెట్టి, పీఎఫ్ డబ్బును మీరే చూసుకునేలా మినహాయింపు తెచ్చుకుంటే దీని బదులు 0.18 శాతం ఇన్‌స్పెక్షన్ ఛార్జీ కట్టాలి. మిగిలేది నెలకు 1,800 కూడా ఉండదు. ఆ కాస్త డబ్బు కోసం ట్రస్టీలను పెట్టుకోవాలి, ప్రభుత్వం చెప్పిన పద్ధతిలోనే పెట్టుబడులు పెట్టాలి, ఏటా ఆడిట్ చేయించాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఈపీఎఫ్‌ఓ (కేంద్ర పీఎఫ్ సంస్థ) ప్రకటించిన వడ్డీకి తక్కువ కాకుండా ఇవ్వాలి. పెట్టుబడుల మీద అంత రాకపోతే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. 40 మంది ఉన్న యూనిట్‌కు ఈ టెన్షన్ వద్దు.

బేసిక్ తగ్గించే సలహా ఇంకా ప్రమాదకరం. అందరికీ ఒకేలా, ప్రతి నెలా ఇచ్చే అలవెన్సును పీఎఫ్ లెక్కలోంచి తప్పించడం కుదరదని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు వివేకానంద విద్యామందిర్ కేసులో తేల్చింది. పైగా 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సుల వంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలిపే లెక్కకట్టాలి. అది గ్రాట్యుటీకీ వర్తిస్తుంది.

ఇక అకౌంటెంట్ గారి మాట. అడ్మిన్ ఛార్జీ యజమానే భరించాలి. దాన్ని గానీ, యజమాని వాటా 12 శాతాన్ని గానీ కార్మికుడి జీతంలోంచి పట్టుకోవడం నిషిద్ధం. పచ్చళ్ల యూనిట్‌లో రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ల జీతంలోంచి తలకు 70 రూపాయలు కోయడమంటే చట్టం సంగతి అటుంచి, న్యాయం కూడా కాదు. ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి.

మరి డబ్బు ఎక్కడ కారిపోతోంది? మొదటిది ఆలస్యం. ఉద్యోగి వాటా, మీ వాటా, బీమా, అడ్మిన్ ఛార్జీ కలిపి మీరు నెలకు సుమారు 1,40,000 కడుతుండాలి. గడువు మరుసటి నెల 15. ఒక నెల ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ సుమారు 1,400. 2024 జూన్‌లో మార్చిన రేటు ప్రకారం డ్యామేజెస్ (ఆలస్యానికి జరిమానా) నెలకు 1 శాతం, అది ఇంకో 1,400. ఒక్క నెల జాప్యం ఒక నెల అడ్మిన్ ఛార్జీని మింగేసింది. ఇక జీతంలోంచి పట్టుకున్న ఉద్యోగి వాటాను కట్టకుండా వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది.

రెండోది రికార్డుల్లో తప్పులు. మీరు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నది ఎక్కువగా వీటివల్లే అయి ఉంటుంది. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది. హాజరు పట్టీలో 'కె. ఆదిలక్ష్మి', ఆధార్‌లో 'కొండేటి ఆది లక్ష్మి', బ్యాంకు పుస్తకంలో 'ఆదిలక్ష్మి కె'. పెళ్లయ్యాక తండ్రి పేరు స్థానంలో భర్త పేరు చేరుతుంది. పుట్టినరోజు తెలియనివాళ్లకు ఆధార్‌లో జనవరి 1 పడి ఉంటుంది, మీ రిజిస్టర్‌లో వయసు వేరుగా ఉంటుంది. క్లెయిమ్ వెనక్కి రావడానికి ఇందులో ఏ ఒక్కటైనా చాలు. పుట్టిన తేదీ తప్పయితే ఇంకో చిక్కు. 58 నిండాక మీ వాటాలోంచి 8.33 శాతం పెన్షన్ ఖాతాకు వెళ్లకూడదు, మొత్తం పీఎఫ్‌కే వెళ్లాలి.

కాబట్టి చేరిన రోజే ఆధార్‌లో ఉన్నట్టుగా, అక్షరం తేడా లేకుండా వివరాలు రాయించండి. ఈ-నామినేషన్ అప్పుడే చేయించండి. మానేసిన వాళ్ల ఎగ్జిట్ తేదీ వెంటనే వేయండి. ఇప్పుడున్న 40 మంది రికార్డులు ఒకసారి కూర్చుని సరిచూస్తే, 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో తీసుకున్న యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) ఉన్నవాళ్ల పేరు, పుట్టిన తేదీ వంటి తప్పులను చాలావరకు వాళ్లే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. 2025 జనవరిలో ఈపీఎఫ్‌ఓ ఆ వెసులుబాటు ఇచ్చింది.

కన్సల్టెంట్‌ను మానిపించమని నేను అనను. అయితే యజమాని లాగిన్, పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం మీ దగ్గరే ఉండాలి, పోర్టల్‌లో ఫోన్ నంబరు మీదే ఉండాలి. చాలా యూనిట్లలో ఓటీపీ కన్సల్టెంట్ ఫోన్‌కే వెళ్తుంది. అలాంటప్పుడు ఫీజు గురించి బేరమాడే వీలు మీకెక్కడిది? చలానా ప్రతి నెలా మీ మెయిల్‌కు రావాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. కాంట్రాక్టరు ద్వారా హమాలీలు వస్తుంటే వాళ్ల చలానా కాపీ చూశాకే బిల్లు పాస్ చేయండి, అతను ఎగ్గొడితే బాధ్యత మీ మీదకు వస్తుంది.

గ్రాట్యుటీ విషయంలో మాత్రం నాకు ఆందోళనగా ఉంది. 14,000 జీతంతో 22 ఏళ్లు పనిచేసిన వ్యక్తికి 15/26 లెక్కన (నెలకు 26 పనిదినాలనుకుని ఏడాదికి 15 రోజుల జీతం) సుమారు 1,77,700 రావాలి. ఇద్దరికీ అంతే సర్వీసు ఉంటే మూడున్నర లక్షలు ఒకేసారి తీయాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే గ్రాట్యుటీకి తప్పనిసరి బీమా రూల్స్ వచ్చాయి. ఎల్‌ఐసీ లాంటి సంస్థల గ్రూప్ గ్రాట్యుటీ పథకంలో చేరితే భారం ఏటా కొంత కొంతగా సర్దుకుంటుంది. ఇందులో ఇక జాప్యం చేయకండి.

ఆ ఇద్దరి పని ఇప్పుడే మొదలుపెట్టండి. ఆధార్, పీఎఫ్ వివరాలు కలుస్తున్నాయో లేదో చూడండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు ఉందో లేదో పాస్‌బుక్‌లో సరిచూసి, 58 నిండగానే పెన్షన్ దరఖాస్తు ఫారం 10-డి వేయించండి. గ్రాట్యుటీ కోసం వాళ్లు దరఖాస్తు పెట్టకపోయినా లెక్కకట్టి 30 రోజుల్లో చెల్లించాల్సిన బాధ్యత మీదే. గడువు దాటితే దాని మీద వడ్డీ కూడా కట్టాలి.