బ్యాంకు పేరుతో దొంగ మెయిలు: సరిహద్దుకు ఇవతల ఉండి ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఖాతా మాత్రం సరిహద్దు అవతల, శ్రీకాకుళం జిల్లాలోని ఒక బ్యాంకు శాఖలో ఉంది. కేవైసీ గడువు ముగిసిందని, ఈ రోజే వివరాలు ఇవ్వకపోతే ఖాతా నిలిపివేస్తామని బ్యాంకు పేరుతో మెయిలు వస్తే, లింకు తెరిచి పాస్‌వర్డు, ఓటీపీ ఇచ్చాను. ఉదయం 10.40కి రూ.48,000 పోయాయి. 11.05కి బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పాను. 11.30కి మరో రూ.30,000 పోయాయి. ఓటీపీ మీరే ఇచ్చారు కాబట్టి మాకు బాధ్యత లేదని బ్యాంకువారు అంటున్నారు. కేసు ఎక్కడ పెట్టాలి?

జవాబు: ముందుగా, ఇంకా చేసి ఉండకపోతే, ఇది చదవడం ఆపి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఏ రాష్ట్రంలో ఉన్నా ఇదే నంబరు. డబ్బు దొంగల ఖాతా దాటిపోకముందే ఆపించే అవకాశం ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది.

కేసు మీ ఊళ్లోనే పెట్టవచ్చు. ఎలక్ట్రానిక్ సందేశంతో మోసం జరిగినప్పుడు, ఆ సందేశం పంపిన చోటి కోర్టుకే కాక అందిన చోటి కోర్టుకు కూడా విచారణాధికారం ఉంటుందని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 202వ సెక్షను చెబుతోంది. మెయిలు మీకు పర్లాకిమిడిలో అందింది కనుక ఖాతా ఆంధ్రలో ఉండడం అడ్డంకి కాదు. అసలు నేరం ఏ ప్రాంతంలో జరిగినా పోలీసులు ఫిర్యాదు తీసుకోవలసిందేనని అదే చట్టంలోని 173వ సెక్షను అంటోంది. మీరు నోటితో చెబితే అధికారి దాన్ని రాసి మీకు చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఒడియా మాట్లాడగలిగినా చదవలేని తెలుగువారు ఈ హక్కును తప్పక వాడుకోవాలి. పూర్తిగా విని, అర్థమయ్యాకే సంతకం చేయండి. ఐటీ చట్టంలోని 66సి (ఇతరుల పాస్‌వర్డు వంటివి దొంగిలించి వాడడం), 66డి (కంప్యూటరు ద్వారా మరొకరిలా నటించి మోసగించడం) సెక్షన్లు మీ కేసుకు వర్తిస్తాయి.

ఇక బ్యాంకు మాట సగమే నిజం. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తానే రహస్య వివరాలు ఇచ్చినప్పుడు బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం అతనిదే, తెలియజేసిన తరువాత జరిగినది బ్యాంకుదే. కాబట్టి రూ.48,000 బ్యాంకు నుంచి రాబట్టడం కష్టమని నిజాయితీగా చెప్పక తప్పదు, 11.30కి పోయిన రూ.30,000 మాత్రం గట్టిగా అడగండి. మీ ఫోన్‌లోని 11.05 నాటి కాల్ వివరమే ఇక్కడ ప్రాణం. దాని స్క్రీన్‌షాట్‌తో శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

మీరు మాకు పంపిన ఆ మెయిలు ప్రతిలో పంపినవారి పేరు చోట బ్యాంకు పేరే ఉంది గాని, దాని కింద చిన్న అక్షరాల చిరునామాలో ఎట్ గుర్తు తరువాత బ్యాంకుతో ఏ సంబంధమూ లేని పేరు ఉంది. ఆ చిరునామాను కూడా నకిలీ చేయగలరు కనుక లింకును తెరవకుండా వేలితో నొక్కి పట్టి, అది నిజంగా ఎక్కడికి తీసుకుపోతుందో చూడడం మేలు. 2025 అక్టోబరు 31 లోగా వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది, లింకులో ‘https://’ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు ఆ ముగింపు లేకపోతే అనుమానించండి.

మెయిలును కోపంతో తీసివేయకండి. మరొకరికి పంపిన నకలులో అది వచ్చిన దారి వివరాలు మిగలవు. దర్యాప్తు అధికారికి కావలసింది మీ ఇన్‌బాక్స్‌లోని అసలుదే.