స్మొక్తునోవ్‌స్కీ, మా హాస్టల్ బాబుష్కా

"నటన నేర్చుకోవాలంటే ఏ రష్యన్ నటుణ్ని చూడాలి?" అని అడిగారు. నేను నటుణ్ని కాను. డాక్టరు చదువుకని వెళ్ళి రష్యాలో ఆరేళ్ళు ఉన్నవాణ్ని. అయినా నా ఓటు ఇన్నొకెంతి స్మొక్తునోవ్‌స్కీకే. ఇంకెవర్నీ చూడకపోయినా నష్టం లేదు.

మా హాస్టల్ తలుపు దగ్గర ఒక బాబుష్కా, అంటే ముసలమ్మ, డ్యూటీలో ఉండేది. పదకొండు దాటితే దేవుడొచ్చినా తలుపు తీయదు. ఓ చలికాలం రాత్రి పదకొండున్నరకి వెళ్ళి అద్దం మీద కొడుతున్నాను. లోపల టీవీ వెలుగు కనిపిస్తోంది, ఆవిడ మాత్రం కదలదు. నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చివరికి తీసి, తిట్లు పడతాయనుకుంటే, "ష్, కూర్చో" అంది. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది, తాగట్లేదు.

టీవీలో వస్తున్న సినిమా ర్యజానోవ్ తీసిన 'జాగ్రత్త, కారు' (1966). స్మొక్తునోవ్‌స్కీ వేసిన ఇన్సూరెన్స్ ఏజెంటు దెతోచ్కిన్ లంచగొండుల కార్లు దొంగిలించి, అమ్మిన డబ్బు అనాథాశ్రమాలకి పంపుతుంటాడు. చివర జైలు నుంచి వచ్చి, ప్రియురాలు నడిపే ట్రాలీబస్సు ముందు నిలబడి, వచ్చేశానని చెప్తాడు. అంతే. ఆ మొహంలో నవ్వుందా ఏడుపుందా అంటే ఇప్పటికీ చెప్పలేను. మన దగ్గరైతే ఆ సీనుకి నాలుగు వయొలిన్లు, ఓ వర్షం, రెండు పేజీల డైలాగు పెట్టేవాళ్ళు. గొంతు పగిలేలా అరిస్తేనే నటన అని మనకెవరు నేర్పారో!

తమాషా ఏంటంటే, దెతోచ్కిన్ ఔత్సాహిక నాటకంలో హామ్లెట్ వేస్తాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1964లో, కొజింత్సెవ్ సినిమాలో స్మొక్తునోవ్‌స్కీ నిజంగానే హామ్లెట్. దానికి సోవియట్ ప్రభుత్వం ఇచ్చే పెద్ద పురస్కారం, లెనిన్ బహుమతి కూడా వచ్చింది. అంత పేరు తెచ్చిన పాత్రని పట్టుకుని తనే నవ్వులాట చేశాడు. మన హీరోల్లో ఒక్కణ్ని చూపించండి చూద్దాం. అసలు అంతకన్నా మంచి హామ్లెట్ ప్రపంచంలోనే లేడు. మిగతావాళ్ళవి నేను చూడలేదనుకోండి, అది వేరే విషయం.

ఆ నెమ్మది ఏ స్కూల్లోనూ వచ్చింది కాదని నా నమ్మకం. సైబీరియా పల్లెటూళ్ళో 1925లో పుట్టాడు. యుద్ధంలో జర్మన్లకి చిక్కి, తప్పించుకుంటే ఒక ఉక్రెయిన్ కుటుంబం ఇంట్లో దాచింది. శత్రువుకి బందీగా ఉండి వచ్చినవాళ్ళని సొంత ప్రభుత్వమే అనుమానించే రోజులవి. అందుకే ఆర్కిటిక్ అంచున నొరీల్స్క్ నాటకశాలకి పోయి ఐదేళ్ళు అక్కడే ఉన్నాడు. 1957లో లెనిన్‌గ్రాద్‌లో దర్శకుడు తొవ్‌స్తొనోగొవ్, దొస్తొయెవ్‌స్కీ నవల 'ఇడియట్' నాటకంలో హీరో మిష్కిన్ వేషం ఇచ్చేదాకా ఇతన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అప్పటికి ముప్పై రెండేళ్ళు. భయపడుతూ బతికిన మనిషి మాట అలాగే ఉంటుంది, ఆచితూచి.

ఇంతకీ ఆ రాత్రి సినిమా అయ్యాక బాబుష్కా కళ్ళు తుడుచుకుంది. టీవీ కట్టేసింది. తర్వాత రిజిస్టర్ తెరిచి, నా పేరు పక్కన 23:30 అని రాసింది.