పాత కంప్యూటర్‌ను స్టోరేజీ సర్వర్‌గా మార్చుకుంటే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. ఇంటి నుంచే పెళ్లి ఫొటోలు, వీడియోల పని చేస్తాను. ఫైళ్లు దాదాపు 3 టీబీ ఉన్నాయి. క్లౌడ్‌కు ఏడాదికి రూ.6,500 కడుతున్నాను, అందులోని 2 టీబీ నిండిపోయింది. రెండు డిస్కులున్న కొత్త నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే పరికరం) రూ.45,000 అని, వాయిదాల్లో ఇస్తామని షాపువాళ్లు అంటున్నారు. మా ఇంట్లో 2014 నాటి డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది. రూ.22,000తో రెండు 4 టీబీ డిస్కులు కొని దానికే బిగించమని మిత్రుడి సలహా. నెలకు 250 యూనిట్ల కరెంటు వాడతాం. ఏది మేలు?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన దారే మంచిది. రెండో డిస్కును మాత్రం వేరేలా వాడుకోండి.

ముందు వాయిదాల సంగతి. ఆషాఢంలో, ధనుర్మాసంలో మీకు ముహూర్తాలుండవు, చేతికి డబ్బు రాదు. వాయిదా మాత్రం ఆ నెలల్లోనూ కట్టాల్సిందే. పెళ్లిళ్ల మీద బతికే ఇంటికి నెలనెలా కట్టే అప్పు, వడ్డీ లేకపోయినా, బరువే. డిస్కులు మాఘం రాబడితో నగదుకే కొనండి.

పాత కంప్యూటర్ ఊరికే వచ్చినట్టు కనిపిస్తుంది కానీ కరెంటు ఖర్చుంటుంది. మానిటర్, విడి గ్రాఫిక్స్ కార్డు తీసేస్తే ఆ కాలపు డెస్క్‌టాప్ సుమారు 50 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్లు. చాలామంది దీన్ని బిల్లు సగటు ధరతో లెక్కగడతారు, అది తప్పు. మీరు ఇప్పటికే 225 యూనిట్లు దాటారు కాబట్టి అదనంగా కాలే ప్రతి యూనిట్ పై శ్లాబులో, రూ.8.75 దగ్గర పడుతుంది. అంటే నెలకు రూ.315, ఏడాదికి రూ.3,780, ఇంధన సర్దుబాటు వంటివి అదనం. వేసవిలో ఏసీ వల్ల 400 దాటితే యూనిట్ రూ.9.75. పని జరిగే ఎనిమిది గంటలే నడపండి, ఏడాది ఖర్చు రూ.1,260కి దిగుతుంది. మూడేళ్లకు డిస్కులతో కలిపి రూ.25,780. క్లౌడ్‌కు అదే మూడేళ్లలో రూ.19,500 అవుతుంది, అయినా మీ ఫైళ్లన్నీ అందులో పట్టవు.

ఇక డిస్కులు. రెండింటినీ కంప్యూటర్లోనే పెట్టి ఒకదానికొకటి అద్దంలా నడిపే పద్ధతిని రెయిడ్ 1 అంటారు. ఒక డిస్కు పాడైతే రెండోది పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే. పొరపాటున ఒక పెళ్లి ఫోల్డర్ చెరిపేస్తే రెండింటిలోనూ పోతుంది. పిడుగు పడి కరెంటు ఎగదన్నినా, దొంగతనం జరిగినా రెండూ ఒకేసారి పోతాయి. ఎవరి తలంబ్రాల ఫొటోలనో పోగొట్టుకుంటే మళ్లీ తీసివ్వలేం కదా! అందుకే ఒక డిస్కు కంప్యూటర్లో ఉంచి, రెండోదాన్ని యూఎస్‌బీ కేసులో (డిస్కును బయటి నుంచి తగిలించుకునే డబ్బాలో) వేసి, ప్రతి పెళ్లి పని ముగిశాక కాపీ చేసి, చిత్తూరులోనో మరెక్కడో బంధువుల ఇంట్లో ఉంచండి. ఈ మార్పుకు అదనంగా అయ్యే ఖర్చు ఆ కేసుదే. డెలివరీ ఇచ్చేసిన తుది ఫొటోలకు క్లౌడ్‌లో చిన్న ప్లాను చాలు. కెమెరా నుంచి నేరుగా వచ్చిన ముడి ఫైళ్లు ఎన్నాళ్లు దాస్తారో అడ్వాన్సు రసీదు మీదే రాయించుకుంటే డిస్కులు నిండే వేగమూ తగ్గుతుంది.

2014 నాటి పాత హార్డ్ డిస్కును మాత్రం నమ్మవద్దు. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మామూలు భద్రతా మద్దతు ఆగిపోయింది కాబట్టి ఉచితంగా దొరికే ఓపెన్‌మీడియావాల్ట్ అనే స్టోరేజీ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి. రౌటర్‌కు కేబుల్‌తో కలపండి, బయటి ఇంటర్నెట్‌కు తెరవకండి. చిన్న యూపీఎస్ తప్పనిసరి.

డిస్కుల బిల్లు మీ పేరున తీసుకోండి. లెక్కలు రాసి రిటర్ను వేసేవారైతే కంప్యూటర్ సామగ్రిపై ఏడాదికి 40 శాతం తరుగుదల చూపుకోవచ్చు, రాబడిలో ఇంత శాతం లాభమని చూపే అంచనా ఆదాయ పద్ధతిలో వేస్తే విడిగా మినహాయింపు ఉండదు. ఇప్పటి క్లౌడ్ ప్లాను వెంటనే ఆపకండి. రెండో డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, నాలుగైదు పెళ్లిళ్ల ఫోల్డర్లు తెరిచి, వీడియోలు చివరిదాకా ఆడుతున్నాయని చూసుకున్న తర్వాతే తగ్గించండి.