చైనాలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: అమ్మాయిని పంపే ముందు

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు, బీఎడ్ పూర్తి చేసి రెండేళ్లుగా ఒక ప్రైవేటు పాఠశాలలో 18 వేల జీతానికి పనిచేస్తోంది. చైనాలో ఇంగ్లీషు టీచర్లకు మంచి గిరాకీ ఉందని, నెలకు 15,000 యువాన్లు, ఉచిత వసతి ఇస్తారని ఒక ఏజెంటు చెబుతున్నాడు. మూడున్నర లక్షలు కడితే ముందు బిజినెస్ వీసాపై పంపి, అక్కడికి వెళ్లాక వర్క్ వీసాగా మార్పిస్తాడట. విదేశంలో ఉంటే సంబంధాలు కూడా బాగా వస్తాయని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. అమ్మాయి మాత్రం ఏ సంగతీ తేల్చి చెప్పడం లేదు. గురుకులం నోటిఫికేషన్ కోసం చదివించడం మంచిదా, చైనాకు పంపడం మంచిదా? అక్కడ టీచర్ల జీవితం ఎలా ఉంటుంది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. దేశం పేరు మారుతుంది, ఏజెంటు అడిగే మొత్తం మారుతుంది; అడుగున ఉన్న దిగులు మాత్రం మారదు. ఇంజనీరింగ్‌లో చేర్పించకుండా ఇంగ్లీషు చదివించి పిల్లకు అన్యాయం చేశామేమోనన్న దిగులు అది. ఎదురింటి వారి అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు కనుక మన అమ్మాయి కనీసం చైనాలోనైనా ఉంటే పరువు నిలుస్తుందన్న ఆశ దాని వెనకాలే వస్తుంది. అందువల్ల ముందుగా ఆ దిగులుకే జవాబు చెబుతాను. మీరు తప్పు చేయలేదు. ఒక భాషను చక్కగా నేర్చుకుని, నలభై మంది పిల్లల ముందు నిలబడి దానిని నేర్పగలిగిన మనిషికి ఈ వయసులో జీతం తక్కువగా ఉండవచ్చు గాని, దారులన్నీ మూసుకుపోయినట్లు కాదు.

ఇక ఏజెంటు మాట. బిజినెస్ వీసాపై వెళ్లి అక్కడ మార్చుకోవచ్చునన్న మాట వినగానే మీరు లేచి వచ్చేయవలసింది. చైనాలో ఉద్యోగం చేయదలచిన విదేశీయులు సాధారణంగా జెడ్ వీసా అనే ఉద్యోగ వీసాపైనే వెళ్లాలి. దానికి ముందే అక్కడి యాజమాన్యం ప్రభుత్వం నుంచి వర్క్ పర్మిట్‌కు సంబంధించిన అనుమతి పత్రం తీసుకుని పంపాలి. దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల లోపల నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. ఈ వరుస తప్పించి పాఠం చెబితే అది అక్రమ ఉద్యోగమే అవుతుంది. 2013 జూలై 1 నుంచి అమలులో ఉన్న అక్కడి చట్టం ప్రకారం దానికి 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, తీవ్రమైన సందర్భాలలో దానితోపాటు 5 నుంచి 15 రోజుల నిర్బంధం విధిస్తారు. దేశం నుంచి పంపించివేయడమూ జరగవచ్చు. ఆ నిర్బంధ గదిలో కూర్చోవలసి వచ్చేది ఖమ్మంలో కమీషన్ తీసుకున్న మనిషి కాదు, మీ అమ్మాయి.

జెడ్ వీసాయే ఇప్పించమని గట్టిగా అడిగితే ఏజెంటు ఎందుకు తడబడతాడో కూడా తెలుసుకోండి. 2017లో చైనా విదేశీ ఉద్యోగుల అనుమతులన్నింటినీ ఒకే పద్ధతి కిందికి తెచ్చింది. భాష నేర్పే టీచరు తన మాతృభాషనే నేర్పాలి, ఆ భాష మాట్లాడే దేశంలోనే డిగ్రీ చేసి ఉండాలి, దానిపైన రెండేళ్ల బోధనానుభవం గాని, బోధనలో డిగ్రీ లేదా గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ గాని చూపాలి అన్నది అందులోని సాధారణ నియమం. ఆచరణలో దీని అర్థం అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులు. ఎల్‌కేజీ నుంచి ఎం.ఏ. వరకు ఇంగ్లీషులోనే చదివినా భారతీయ పాస్‌పోర్టు ఉన్న అభ్యర్థికి ఇంగ్లీషు మాతృభాషగా లెక్కకు రాదు. ఇది అన్యాయమా అంటే, నా దృష్టిలో అన్యాయమే. వ్యాకరణం ఎందుకు అలా ఉంటుందో వివరించడంలో మన బీఎడ్ టీచరు చాలామంది పుట్టు ఇంగ్లీషు వాళ్ల కంటే నయం. అయితే వీసా కిటికీ దగ్గర ఈ వాదన నడవదు. అంతర్జాతీయ పాఠశాలలలో గణితం, విజ్ఞానశాస్త్రం వంటివి బోధించేవారికి తలుపు వేరు. మీ అమ్మాయి సబ్జెక్టు అది కాదు.

వైద్యవిద్య కోసం చైనా వెళ్లిన మన తెలుగు పిల్లలలో కొందరు చేతిఖర్చుల కోసం సాయంత్రాలు చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పి డబ్బు సంపాదించిన మాట నిజమే. విద్యార్థి వీసాపై అనుమతి లేకుండా అలా చేయడమూ చట్టవిరుద్ధమే. పట్టుబడని వాళ్ల కథలే ఏజెంట్లకు పెట్టుబడి.

అక్కడి జీవితం ఎలా ఉంటుందని అడిగారు. నా దగ్గర సలహా తీసుకున్న వారిలో బ్రిటన్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగు అమ్మాయి చైనాలోని చెంగ్డూ నగరంలో రెండేళ్లు పనిచేసింది. ఆమెకు కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. చెప్పిన సంగతులు మాత్రం ఏజెంటు ఫొటోలలో కనిపించేవి కావు. విదేశీ టీచరును అక్కడ 'వాయ్‌జ్యావ్' అంటారు. సాధారణ పాఠశాలలో చేరిన వాయ్‌జ్యావ్‌కు ఇరవై సెక్షన్లు అప్పగిస్తే, ఒక్కొక్క సెక్షన్‌కు వారానికి ఒకే పీరియడ్ పడుతుంది. సెక్షన్‌కు 40 నుంచి 50 మంది. ఎనిమిది వందల పైచిలుకు పిల్లలలో ఒక్కరి పేరు గుర్తుండేలోపల సంవత్సరం గడిచిపోతుంది. ఇంటర్ తరువాత మన ఎంసెట్ ఎంతో అక్కడ గావ్‌కావ్ అంత; చాలా ప్రాంతాలలో దాని 750 మార్కులలో ఇంగ్లీషుకు 150 ఉంటాయి. ఆ 150 మార్కుల కోసం వ్యాకరణమూ పదజాలమూ రుద్దించేది చైనీస్ టీచరే. వాయ్‌జ్యావ్ పీరియడ్ అంటే మాట్లాడించడం, ఆటలు ఆడించడం. పరీక్షలు దగ్గరపడగానే మొట్టమొదట రద్దయ్యే పీరియడ్ అదే, ఆ సంగతి ఆ ఉదయమే వీచాట్‌లో (అక్కడి వాట్సాప్ లాంటి యాప్) తెలుస్తుంది. రెండేళ్లుగా గంభీరంగా పాఠం చెబుతున్న మీ అమ్మాయికి ఇది నచ్చుతుందా అన్నది ఆమెను అడగవలసిన ప్రశ్న.

2021కి ముందు ప్రైవేటు ట్రైనింగ్ సెంటర్లలో పని పిల్లలకు బడి లేని వేళల్లో ఉండేది. అందువల్ల సాయంత్రాలు, శని ఆదివారాలు క్లాసులు. సెలవు సోమ మంగళవారాలు. కొత్త పిల్లలను చేర్చుకోవడానికి తల్లిదండ్రుల ముందు డెమో క్లాసు చెప్పవలసి వచ్చేది. ఆ చెంగ్డూ అమ్మాయి డెమో ముగించిన ప్రతిసారీ ఎవరో ఒకరు 'ఈమె నిజంగా ఇంగ్లండ్ నుంచి వచ్చిందా' అని అడిగేవారట. వాళ్లకు కావలసింది బంగారు జుట్టు ఉన్న టీచరు. కిండర్‌గార్టెన్లలోనైతే ఉదయం గేటు దగ్గర నవ్వుతూ నిలబడి పిల్లలకు స్వాగతం చెప్పడమూ, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టే ఫొటోలలో కనిపించడమూ పాఠం కంటే ముఖ్యమైన విధులు. విశ్వవిద్యాలయాలలో పీరియడ్లు తక్కువ, సెలవులు ఎక్కువ, క్యాంపస్‌లోనే ఫ్లాటు ఇస్తారు. జీతమూ అందుకు తగ్గట్టుగానే తక్కువ.

ఇంటి సంగతులకు వస్తే, అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ 24 గంటలలో పోలీసు స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి. కూరగాయల బండి దగ్గర కూడా వీచాట్‌తోనో, అలీపే అనే చెల్లింపు యాప్‌తోనో చెల్లించడమే పరిపాటి కనుక ఫోన్ చార్జింగ్ అయిపోతే చేతులు కట్టేసినట్లే. వాట్సాప్, జీమెయిల్, యూట్యూబ్ మామూలుగా తెరుచుకోవు. దేశమంతటా ఒకే సమయం, అదీ మన కంటే రెండున్నర గంటలు ముందు; మీరు రాత్రి తొమ్మిదికి భోంచేసి అమ్మాయితో మాట్లాడదామనుకుంటే అక్కడ పదకొండున్నర అయి ఉంటుంది. అక్టోబరు 1 జాతీయ దినోత్సవానికీ, వసంతోత్సవానికీ వరుస సెలవులిచ్చి, వాటిలో కొన్నింటికి బదులుగా ముందో వెనకో శని ఆదివారాలలో పని చేయిస్తారు. శాకాహారులకు ఇంకో చిక్కు: ఉత్త ఆకుకూర వేపుడే అనుకున్న దానిలోనూ పంది కొవ్వు పడి ఉండవచ్చు. మంచి సంగతులూ చెప్పాలి కదా. అర్ధరాత్రి ఒంటరిగా నడిచి ఇంటికి వచ్చినా ఎప్పుడూ భయం వేయలేదని ఆమె చెప్పింది. హైస్పీడు రైళ్లు, మధ్యాహ్నం భోజనం తరువాత కునుకు తీసే అలవాటు, సెలవులకు ఇంటికి పిలిచి కంచం నిండా వడ్డించే తోటి టీచర్లు, చేరిన వారంలోనే తమకు తాము ఇంగ్లీషు పేర్లు పెట్టుకుని వచ్చిన పిల్లలు, ఇవన్నీ ఇప్పటికీ ఆమె ఇష్టంగా తలచుకుంటుంది.

ఈ దారిపై నాకున్న అసలు అనుమానం మరొకటి. వీడియోలలో మీరు చూస్తున్నది గడిచిపోయిన కాలం. 2021 జూలైలో చైనా ప్రభుత్వం 'రెండు భారాల తగ్గింపు' (హోంవర్కు, ట్యూషన్ల భారం) విధానం ప్రకటించి, ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు బడి సబ్జెక్టులలో లాభాపేక్షతో ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధించింది. ఇంగ్లీషు కూడా అందులో ఉంది. శని ఆదివారాలలో, సెలవులలో అలాంటి క్లాసులు కూడదన్నారు. ఇతర దేశాలలో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే విదేశీయులను నియమించకూడదన్నారు. ఎన్నో సెంటర్లు మూతపడ్డాయి, జీతాలు రాక టీచర్లు రోడ్డున పడ్డారు. పైగా ఆ దేశంలో 2016లో కోటీ 78 లక్షలకు పైగా పిల్లలు పుట్టగా 2023లో పుట్టింది 90 లక్షల మందే. కిండర్‌గార్టెన్‌లో కూర్చోవడానికి పిల్లలే తగ్గిపోతున్నప్పుడు వాళ్లకు పాటలు నేర్పే విదేశీ టీచరుకు గిరాకీ పెరుగుతోందన్న మాట నమ్మశక్యమేనా? సక్రమంగా వెళ్లినవారికి కూడా పర్మిట్ ఒకే యాజమాన్యంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం మారాలంటే పాత యాజమాన్యం విడుదల పత్రం ఇవ్వాలి, వాళ్లు అలిగితే వారాల తరబడి తిరగాలి. ఇక దొంగదారిన వెళ్లినవారు జీతం ఎగ్గొట్టారని ఎవరి దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేస్తారు?

కొంచెం కటువుగా మాట్లాడుతున్నాను, మన్నించండి. 15,000 యువాన్లను, యువాన్‌కు సుమారు పన్నెండు రూపాయల లెక్కన హెచ్చవేసి, నెలకు లక్షా ఎనభై వేల రూపాయలు అని మీరు కాగితం మీద రాసుకుని ఉంటారు. మూడున్నర లక్షలు ఎందుకు కట్టాలో మాత్రం ఏజెంటును అడగలేదు. నిజంగా టీచరు అవసరమైన పాఠశాల చాలాసార్లు విమాన ఛార్జీ తానే పెట్టుకుంటుంది. సంబంధాల మాట ఇంకా బాధ కలిగించింది. వరుడి తరఫు వారికి 'విదేశంలో ఉంది' అని చెప్పుకోవడానికి, చట్టం ఒప్పుకోని ఉద్యోగంలోకి ఒంటరిగా పిల్లను పంపుతారా? ఆమె తేల్చి చెప్పడం లేదని రాశారు. కాదంటే మీరు నొచ్చుకుంటారని, అవునంటే అక్కడ ఏమవుతుందోనని ఆమె ఊరుకున్నదని నా అనుమానం.

గురుకులానికీ చైనాకూ మధ్య పోలిక చెప్పమన్నారు. రెండో వైపు చట్టబద్ధమైన ఉద్యోగమే లేనప్పుడు పోల్చడానికి ఏముంది? గురుకుల, డీఎస్సీ పరీక్షల తయారీ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. రాస్తూనే, పాఠశాల ఉద్యోగం మానకుండా, తన విలువ పెంచుకునే మార్గాలున్నాయి. హైదరాబాదులో 1958లో మొదలైన ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఇంగ్లీషు బోధనకే పేరుపొందిన సంస్థ. అక్కడి కోర్సులు పరిశీలించండి. ఇంగ్లీషు బోధనలో శిక్షణ ఇచ్చే కేంబ్రిడ్జ్ వారి సెల్టా కోర్సు 120 గంటలు ఉంటుంది, అందులో నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పి చూపాలి. దానికయ్యే ఖర్చు మీ ఏజెంటు అడిగిన దానికంటే తక్కువే. నగరంలోని అంతర్జాతీయ బోర్డు పాఠశాలలు, గల్ఫ్‌లోని భారతీయ సీబీఎస్‌ఈ పాఠశాలలు బీఎడ్‌నూ అనుభవాన్నీ లెక్కలోకి తీసుకుంటాయి. చైనా అంటేనే ఆమెకు నిజమైన ఆసక్తి ఉంటే చైనీస్ నేర్చుకుని, ఆ భాషలో ప్రావీణ్యాన్ని కొలిచే హెచ్‌ఎస్‌కే పరీక్ష రాయమనండి, చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయమనండి. అప్పుడు ఆమె విద్యార్థిగా తలెత్తుకుని వెళుతుంది.

ఏజెంటుకు మీరు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, యాజమాన్యం పేరుతో వర్క్ పర్మిట్ అనుమతి పత్రం చూపమని రాతపూర్వకంగా అడగండి. చూపలేకపోతే డబ్బు తిరిగి ఇమ్మని అదే కాగితంలో రాయండి. ఆమె పాస్‌పోర్టు అతని దగ్గర ఉంటే ఈ వారమే వెనక్కి తెచ్చుకోండి. తరువాతి ఉత్తరం మాత్రం మీ అమ్మాయిని రాయమనండి. ఏ తరగతి పిల్లలకు పాఠం చెప్పడం ఆమెకు ఇష్టమో, ఇప్పుడున్న పాఠశాలలో ఏది విసుగ్గా ఉందో తెలిస్తే నేను ఇంతకంటే సూటిగా జవాబు ఇవ్వగలను.