కొసలున్న గొలుసు, కొసల్లేని గొలుసు

కర్నూలు

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు రింగు పాలీస్టైరీన్ మీదని, అంటే గొలుసు అణువు కొసలు రెండూ కలిపేసిన ప్లాస్టిక్ మీదని, రింగుకీ మామూలు గొలుసుకీ టీజీలో (గాజులా గట్టిగా ఉన్నది మెత్తబడే ఉష్ణోగ్రతలో) తేడా చూపించమన్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. అనంతపురం ఎండల్లో ల్యాబులో నిలబడటమే ఒక పని. అందుకే రన్లు మొదలుపెట్టకముందే రాస్తున్నా.

ముందు ఎంత పొడవు గొలుసులు తీసుకోవాలో తేల్చుకో. గొలుసు కొసలు మధ్యభాగం కన్నా ఎక్కువ కదులుతాయి, చుట్టూ ఖాళీ ఎక్కువ పెట్టుకుంటాయి. పొడవు తగ్గేకొద్దీ కొసల వాటా పెరిగి టీజీ పడిపోతుంది. 1950లో ఫాక్స్, ఫ్లోరీ వేసిన లెక్క ఇదే. పొడవాటి పాలీస్టైరీన్‌కు టీజీ 100 డిగ్రీల దగ్గరుంటే, అణుభారం 3,000కు దిగేసరికి 60-70 మధ్యకు వస్తుంది. రింగుకు కొసలే లేవు, కాబట్టి అక్కడ అంతగా పడదు. అదే లక్ష అణుభారం దగ్గర లీనియర్‌లోనూ (కొసలున్న మామూలు గొలుసులోనూ) కొసల ప్రభావం ఒక డిగ్రీ చుట్టుపక్కలే. ఆ తేడా కోసం డీఎస్‌సీ (శాంపిల్‌ను వేడి చేస్తూ టీజీని కొలిచే యంత్రం) ముందు కూర్చుంటే కళ్లు నొప్పులు తప్ప ఏమీ రాదు. ‘రింగు టీజీ ఎక్కువ’ అని ఒక్క ముక్కలో రాయకు, ఏ అణుభారం దగ్గరో పక్కనే రాయి.

అసలు చిక్కు పోలికకు పెట్టుకునే లీనియర్ శాంపిల్‌తోనే. మీరు గొలుసుకు ఒక కొసన అజైడ్, రెండో కొసన ఆల్కైన్ అనే గుంపులు పెట్టి, రాగి ఉత్ప్రేరకంతో వాటిని కలిపి (క్లిక్ చేసి) రింగు కడుతున్నారు కదా. క్లిక్ చేయని ముడి గొలుసునే (ప్రికర్సర్‌నే) డీఎస్‌సీ పాన్‌లో వేసి పోల్చేద్దామని అందరికీ అనిపిస్తుంది. వద్దు తల్లీ. ఆ కొసలు రాగి లేకపోయినా వేడికే కలుస్తాయి. మొదటి హీటింగ్‌లో 150 దాకా తీసుకెళ్లావంటే పాన్‌లోనే గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని పొడవవుతాయి. రెండో హీటింగ్‌లో టీజీ పైకి జరుగుతుంది, అసలున్న తేడా చిన్నదిగా కనిపిస్తుంది. టీజీ మెట్టు తర్వాత బేస్‌లైన్ ఎక్సోథర్మ్ (వేడి విడుదల) వైపు కాస్త ఉబ్బితే అనుమానించు. అదే బ్యాచ్‌లో కొంత తీసి, ఫినైల్ అసిటిలీన్ బాగా ఎక్కువ వేసి అజైడ్‌ను మూసెయ్. అప్పుడు అజైడ్, ఆల్కైన్ కలిస్తే వచ్చే ట్రయజోల్ రింగులోనూ లీనియర్‌లోనూ ఉంటుంది, తేడా కొసలదే అవుతుంది. చిన్న గొలుసుల్లో ఆ ట్రయజోల్ కూడా టీజీని కదిలించగలదు, అందుకే ఇంత చాదస్తం.

అణుభారం జీపీసీ (అణువుల్ని సైజును బట్టి కాలమ్‌లో విడదీసే పద్ధతి) నుంచి తీసుకోకు. రింగు ముడుచుకుని ఉంటుంది, కాలమ్‌లోంచి ఆలస్యంగా వస్తుంది, లీనియర్ స్టాండర్డ్‌తో లెక్కిస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఆ అంకెతో గ్రాఫ్ వేస్తే రింగు గొప్ప ఇంకాస్త పెరుగుతుంది, అబద్ధంగా. పీక్ వెనక్కి జరగడం రింగు పడిందనడానికి మంచి గుర్తే, దాన్ని అంతవరకే వాడుకో. భారానికి మాల్డీ (అణువుల భారాన్ని నేరుగా కొలిచే మాస్ స్పెక్ట్రమ్) చేయించు. ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రమ్‌లో 2100 దగ్గర అజైడ్ పీక్ పోయిందా చూడు. పోయినంత మాత్రాన అంతా ఒంటి గొలుసు రింగే అనుకోకు, రెండు గొలుసులు కలిసి కట్టిన పెద్ద రింగు కూడా ఉండొచ్చు.

శాంపిల్ ఆరబెట్టడంలో బద్ధకించకు. మిగిలిన టోలుయీన్ ద్రావకం టీజీని దించేస్తుంది, రింగుల మీద వేసే నింద దానిదే కావచ్చు. వాక్యూమ్ అవెన్‌లో పెట్టి బరువు నిలకడయ్యేదాకా ఆగు. రింగూ లీనియరూ ఒకే రోజు, ఒకే హీటింగ్ రేటుతో నడుపు. యంత్రం సరిగ్గా చూపిస్తోందా అని, ఇండియం లోహం 156.6 డిగ్రీల దగ్గర కరుగుతుందో లేదో ముందే చూసుకో.

టీజీఏ (వేడికి బరువు ఎంత పోతుందో చూసే పరీక్ష) కూడా చేయమంటారు. అందులో పెద్ద ఆశలు పెట్టుకోకు. పాలీస్టైరీన్ గొలుసు ఎక్కడంటే అక్కడ తెగుతుంది, తెగిన రింగు లీనియరే. కొసల నుంచి ఊడిపోయే రకాల్లో మాత్రం రింగుకు లాభముంది. ముడి వేయని మల్లెదండలో పూలు కొస నుంచి జారినట్టు, కొసలు మూయని పాలీథాలాల్డిహైడ్ అనే పాలిమర్ గది వేడికే విడిపోతుంది. దాని రింగు నిలుస్తుంది, ఒక్క బంధం తెగేదాకా. వైవాలో ఇది అడుగుతారు, చదువుకుని వెళ్లు. కరిగే ఉష్ణోగ్రతల జోలికి నువ్వు పోనక్కర్లేదు, మామూలు పాలీస్టైరీన్ స్ఫటికం కాదు.

దసరాకు వచ్చేటప్పుడు అందంగా దిద్దిన గ్రాఫులు కాదు, మొదటి హీటింగ్, రెండో హీటింగ్ రెండూ ఉన్న ముడి ఫైళ్లు పట్టుకురా. పెన్‌డ్రైవ్‌లో వేసుకో, మన ఇంట్లో నెట్ సంగతి నీకు తెలిసిందే.

ఇట్లు,
మామ