నాన్న తెచ్చిన హాఫ్ డాలర్లు అమ్మొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు చికాగోలో ఉద్యోగం చేసి 1976లో తిరిగొస్తూ 40 హాఫ్ డాలర్ నాణేలు తెచ్చారు. 22 నాణేల మీద 1964, 12 మీద 1967, ఆరింటి మీద 1974 అని ఉంది. వీలునామా లేకుండానే ఆయన పోయారు. నాణేల్ని దీపావళికి లక్ష్మీపూజలో పెడుతున్నాం. విదేశీ డబ్బు ఇంట్లో ఉంటే కేసు అవుతుందని బంధువులు భయపెడుతున్నారు. వెండి కొట్టాయన ‘చెల్లని చిల్లర’ అంటున్నాడు. అమ్మితే పన్ను కట్టాలా? అమ్మ, అన్నయ్య ఉన్నారు. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండమ్మా. విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనల్లో 2,000 డాలర్ల పరిమితి ఉన్నది నోట్లకు, ట్రావెలర్స్ చెక్కులకు. విదేశీ నాణేలు ఎవరైనా, ఎన్నైనా ఉంచుకోవచ్చు.

‘చెల్లని చిల్లర’ అన్న మాటా తప్పే. అమెరికాలో అవి ఇప్పటికీ చెల్లుతాయి. అయితే అర డాలరుకు ఖర్చు పెట్టుకుంటే నష్టం మీకే. 1964 దాకా వచ్చిన హాఫ్ డాలర్‌లో 90 శాతం వెండి. బరువు 12.5 గ్రాములు, అందులో వెండి 11.25 గ్రాములు. వెండి ధర పెరగడంతో 1965లో చట్టం మార్చి 40 శాతానికి తగ్గించారు, అంటే నాణేనికి 4.6 గ్రాములు. 1971 నుంచి మామూలు చలామణీ నాణేల్లో వెండే లేదు, అంచున రాగి గీత కనిపిస్తుంది. ఈ లెక్కన మీ 22 నాణేల్లో 247.5, పన్నెండింటిలో 55.2, మొత్తం 302.7 గ్రాముల వెండి. వెండి లేని ఆ 1974 నాణేలు ఆరింటిని జ్ఞాపకంగా దాచుకోండి. ఆ 302.7 గ్రాముల్ని గ్రాము వెండి ధరతో గుణించి, కొట్టాయన చెప్పే రేటుతో పోల్చుకోండి. కరిగించినా నేరం కాదు. మన నాణేల చట్టంలోని నిషేధం భారత ప్రభుత్వ నాణేలకే. అమెరికాలో 2006లో వచ్చిన కరిగింపు నిషేధం కూడా ఒక సెంటు, ఐదు సెంట్ల నాణేలకే. పూజ పేరుతో చింతపండు పెట్టి మాత్రం తోమకండి, సేకరించేవాళ్లు అలాంటివాటికి ధర తగ్గిస్తారు.

ఇక పన్ను. ‘పూజలో వాడే వస్తువులు, సొంత సామాను కదా’ అని మీరు అనొచ్చు. ధోల్‌పూర్ రాజకుటుంబీకులు హేమంత్ సింగ్‌జీ సరిగ్గా ఇదే వాదన చేశారు, లక్ష్మీపూజలో పెట్టిన వెండి రూపాయలు, బంగారు కాసుల గురించి. 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఏడాదికోసారి పూజలో పెట్టినంత మాత్రాన అవి ఒంటి మీద బట్టల్లాంటి సొంత వస్తువులు కావంది. కాబట్టి లాభం మీద పన్ను ఉంటుంది. వారసత్వంగా రావడానికి పన్ను లేదు. 2001 ఏప్రిల్ 1 నాటి ధరను కొన్న ధరగా చూపించుకోవచ్చు. దాని మీద వచ్చిన లాభానికి 12.5 శాతం, పైన సెస్సు. మీ ఆదాయం పన్ను పడని కనీస పరిమితికి లోపే ఉంటే, ఆ తేడా మేరకు లాభాన్ని అందులో సర్దుకోవచ్చు.

మీరు అడగని సంగతి ఒకటుంది. వీలునామా లేదు కాబట్టి ఆ నాణేలు మీ ఒక్కరివే కావు. మీరు చెప్పిన ముగ్గురే వారసులైతే అమ్మగారికి, అన్నయ్యకు, మీకు తలా మూడో వంతు. కొట్టుకు వెళ్లేముందు తెల్లకాగితం మీదైనా సరే, ఇద్దరి అంగీకారం రాయించి సంతకాలు తీసుకోండి.