పాఠకుల ప్రశ్నలు: 48 కేబీలో సర్దుకున్నాం, 128 జీబీ చాలడం లేదు

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మా అబ్బాయి కొనిచ్చిన ఫోనులో 128 జీబీ చోటు ఉందట. నేను ఆటలు ఆడను, సినిమాలు దించుకోను. అయినా స్టోరేజీ నిండిపోయిందన్న హెచ్చరిక రోజూ వస్తోంది. మనవడు వచ్చినప్పుడల్లా ఏవేవో తీసేసి వెళతాడు, పదిహేను రోజులకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. శాశ్వతంగా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ మనవడు వచ్చినప్పుడల్లా నేల మీది నీళ్లు తుడిచి వెళుతున్నాడు గానీ కుళాయి కట్టేయడం లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ ఫోనును నింపుతున్నది మీరు కాదు, మీకు పంపేవాళ్లు. వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చిన శుభోదయం బొమ్మలు మీరు వాటిని చూసినా చూడకపోయినా వాటంతట అవే ఫోనులోకి దిగిపోయే ఏర్పాటు మొదటినుంచీ ఉంటుంది. ఇంట్లో వైఫై ఉంటే ప్రవచనాల వీడియోలు, పెళ్లి వీడియోలు కూడా అలాగే దిగుతాయి.

కాబట్టి తీసివేతకు ముందే కుళాయి సంగతి చూడండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ అనే చోట మీడియా ఆటో-డౌన్‌లోడ్ కింద మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ అని మూడు వరుసలు ఉంటాయి. ఒక్కొక్కటే తెరిచి ఫోటోలు, వీడియోలు, డాక్యుమెంట్ల పక్కనున్న టిక్కులు తీసేయండి. ఆ తరువాత ఎవరేం పంపినా మసకగా కనబడుతుంది, దాన్ని మీరు తాకితేనే దిగుతుంది. ‘మీడియా విజిబిలిటీ’ అనే మరొక మీట ఉంది. దాన్ని ఆపితే కొత్తగా దిగే బొమ్మలు గ్యాలరీలో కనబడకుండా పోతాయి తప్ప ఫోనులోకి దిగడం ఆగదు. చాలామంది ఈ రెండో మీట నొక్కి ఊరుకుంటారు. చెత్తను మంచం కిందికి తోయడం లాంటిదే అది.

ఇక పేరుకున్నదాని సంగతి. అదే పేజీలో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిస్తే 5 ఎంబీకి మించినవన్నీ ఒక చోట, పదేపదే ఫార్వర్డ్ అయినవన్నీ మరో చోట కనబడతాయి. కింద ఏ గ్రూపు ఎంత చోటు తింటున్నదో పెద్దవాటి నుంచి చిన్నవాటి వరకు వరుసగా ఉంటుంది. ఆ జాబితాలో మొదటి మూడు నాలుగు పేర్లు చూస్తే మీకే నవ్వొస్తుంది. వెయ్యి ఫోటోలను ఒక్కొక్కటిగా ఏరే ఓపిక ఎవరికీ ఉండదు కనుక పెద్ద వీడియోలతో మొదలుపెట్టండి. మీరు పంపిన వీడియోలకు కూడా వాట్సాప్ తన దగ్గర మరొక ప్రతి ఉంచుకుంటుందని మరవకండి.

ఒక జాగ్రత్త. ఫోను సెట్టింగ్స్‌లో ప్రతి యాప్‌కూ ‘క్లియర్ కాష్’, ‘క్లియర్ డేటా’ అని రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది తాత్కాలికంగా దాచుకున్న సరుకును మాత్రమే తీస్తుంది, దానివల్ల నష్టం లేదు. రెండోది ఆ యాప్‌ను కొత్తగా వేసుకున్న స్థితికి తెస్తుంది. బ్యాకప్ లేకుండా వాట్సాప్ మీద ఈ రెండోది నొక్కితే ఏళ్ల నాటి సంభాషణలు పోతాయి. ఫోనును ‘శుభ్రం’ చేస్తామని ప్రకటనలతో ఊరించే యాప్‌లు వేసుకోవద్దు. చోటు లేదని ఏడుస్తున్న ఇంట్లోకి మరొక అద్దెవాణ్ని తెచ్చుకోవడం ఎందుకు?

ప్రశ్న: ఫోటోలన్నీ గూగుల్ ఫోటోస్‌లోకి చేరాయి కదా అని ఫోటోస్ యాప్‌లోనే డిలీట్ చేశాను. అక్కడా పోయాయి. ఇదెక్కడి న్యాయం?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: ఆ యాప్‌లో మీకు కనబడేది రెండు చోట్లా ఉన్న ఒకే ఫోటో. అక్కడ డిలీట్ అంటే రెండు చోట్లా తీసేయమనే అర్థం. ఫోనులోని ప్రతిని మాత్రమే తీయడానికి ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే వేరే మీట ఉంది. కంగారు పడకండి, బ్యాకప్ అయిన ఫోటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, వెంటనే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకుంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. కాస్త నాణ్యత తగ్గించి ఎక్కించే ఫోటోలను లెక్కలోకి తీసుకోని రోజులు 2021 జూన్ 1తో ముగిశాయి.

ప్రశ్న: ఫోను నిండిందని నేను విసుక్కుంటే మా నాన్నగారు తన చిన్నప్పటి కంప్యూటర్‌లో 48 కేబీ మాత్రమే ఉండేదని, దానితోనే ఆటలు రాశామని అంటారు. ఇది పెద్దవాళ్లు చెప్పే ‘పది మైళ్లు నడిచి బడికి వెళ్లాం’ బాపతు మాటేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

సమాధానం: మీ నాన్నగారు చెబుతున్నది అక్షరాలా నిజం. నిజానికి అప్పటి ఇరుకును ఆయన కాస్త తగ్గించే చెప్పి ఉంటారు. ఆ యంత్రం బహుశా సింక్లెయిర్ సంస్థ 1982లో ఇంగ్లండులో విడుదల చేసిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అయి ఉండాలి. దాని తరువాతి రూపమైన స్పెక్ట్రమ్ ప్లస్‌ను మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1988లో లైసెన్సు మీద తెచ్చింది. అంతకుముందే 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఇచ్చింది. వాటిలో మోడల్ బీ అనే రకానికి ఉన్నది 32 కేబీయే.

ఆ 48 కేబీ మొత్తం కూడా మన చేతికి వచ్చేది కాదు. బైటు అంటే ఒక ఇంగ్లిష్ అక్షరం పట్టేంత చోటు, కేబీ అంటే అలాంటివి 1,024. తెర మీది బొమ్మే 6,912 బైట్లు తీసుకునేది. అందులో చుక్కలకు 6,144, రంగులకు 768. మిగిలిన దాదాపు 41 కేబీలో ప్రోగ్రాం, దాని లెక్కలు, ఆట బొమ్మలు అన్నీ సర్దుకోవాలి. ఈ ఇరుకు ఎంతటిదో ఒక ఉదాహరణ చెబుతాను. స్పెక్ట్రమ్ బేసిక్ భాషలో మీరు ప్రోగ్రాంలో 10 అని రాస్తే అది రెండు అంకెలతో ఆగదు. యంత్రం లెక్కకు సులువుగా ఉండాలని ఆ అంకెల వెనక కనబడకుండా మరో ఆరు బైట్లు చేర్చుతుంది. అంటే పదికి ఎనిమిది బైట్లు. అదే పదిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఆ గుర్తుల మధ్య ఉన్నదాన్ని సంఖ్యగా మార్చే ‘వాల్’ అనే ఆదేశం ముందు రాస్తే, ఆదేశానికి ఒకటి, కొటేషన్లకు రెండు, అంకెలకు రెండు, వెరసి అయిదు బైట్లతో పని జరిగిపోతుంది. ప్రోగ్రాం కాస్త నెమ్మదిస్తుంది, మూడు బైట్లు మిగులుతాయి. సున్నాకు బదులు ‘నాట్ పై’ అని రాసేవాళ్లం. సున్నా కాని దేని ముందు ‘నాట్’ పెట్టినా యంత్రానికి అది సున్నాయే, రాయడానికి రెండే బైట్లు. ఇలా వంద చోట్ల చేస్తే మరొక శత్రువుకు ఆటలో చోటు దొరికేది. పోపుడబ్బాలో జీలకర్ర గింజలు లెక్కపెట్టుకున్నట్టు ఉందని మా అమ్మ అనేది.

పోల్చి చూడండి. తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి నేటి యూనికోడ్ పద్ధతిలో, అంటే యూటీఎఫ్-8లో, మూడు బైట్లు. ‘అమ్మ’ అనే మాటలో అకారం, మకారం, పొల్లు, మళ్లీ మకారం కలిపి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. మీ ఫోను తీసే 4 ఎంబీ ఫోటో ఒక్కటి పట్టాలంటే అలాంటి 48 కేబీ యంత్రాలు 86 కావాలి. 

ఆ రోజుల్లో ప్రోగ్రాంలు దాచుకునే చోటు మామూలు టేప్ కేసెట్టు. సున్నాకు పొట్టి శబ్దం, ఒకటికి దానికి రెట్టింపు పొడవైన శబ్దం, అంతే ఏర్పాటు. టేప్ రికార్డరు నుంచి వైరు తగిలించి ప్లే నొక్కితే తెర అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలం చారలు, తరువాత నీలం, పసుపు చారలు పరుగెత్తేవి. ఆట ముఖచిత్రం మొదట రంగు లేకుండా గీత తరువాత గీతగా వచ్చి, అంతా అయ్యాక చివర్లో రంగులు పరుచుకునేవి. మెమరీ మొత్తం నిండడానికి దాదాపు అయిదు నిమిషాలు. నాలుగున్నర నిమిషాలయ్యాక ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అని వస్తే వాల్యూమ్ కొంచెం మార్చి మళ్లీ మొదటినుంచీ. కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోయినట్టే. ఆ వేగంతో మీ ఫోటో ఒక్కటి ఎక్కాలంటే ఆరు గంటలకు పైగా పడుతుంది.

అయితే మీ నాన్నగారి మాటను దెప్పుగా తీసుకోకండి. మాకేదో పొదుపు గుణం ఉండి అలా చేయలేదు, గత్యంతరం లేక చేశాం. అప్పుడు దాచాలంటే శ్రమ పడాలి, ఇప్పుడు తీసేయాలంటే శ్రమ పడాలి. నాకు 128 జీబీ ఉంటే నేనూ సున్నాను సున్నాగానే రాసేవాణ్ని.

ప్రశ్న: 128 జీబీ అని కొన్న ఫోను 119 అని చూపిస్తోంది. మోసమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: కాదు. బైటు నుంచి కేబీకి, ఎంబీకి, జీబీకి మెట్టు ఎక్కినప్పుడల్లా అమ్మేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కొన్ని ఫోన్లు 1,024 చొప్పున లెక్కిస్తాయి. అదే చోటుకు రెండు కొలతలు. అందులోంచి ఆండ్రాయిడ్ తన సొంతానికి తీసుకునేది వేరు.

ప్రశ్న: అటక మీద మావారి పాత స్పెక్ట్రమ్, పాతిక కేసెట్లు దొరికాయి. కేసెట్లలోని ప్రోగ్రాంలను ఇప్పటి కంప్యూటర్‌లోకి తెచ్చుకోవచ్చా, పారేయాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: పారేయకండి. టేప్ రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ మైకు రంధ్రానికి వైరు కలిపి, ఆ కీచు శబ్దాన్ని డబ్ల్యూఏవీ ఫైలుగా రికార్డు చేసుకోండి. ఎంపీ3 వద్దు, అది శబ్దాన్ని కుదించేటప్పుడు పొట్టి పొడవుల తేడాను చెరిపే ప్రమాదం ఉంది. అయిదు నిమిషాల శబ్దం దాదాపు 26 ఎంబీ అవుతుంది. స్పెక్ట్రమ్‌లా నడిచే ఎమ్యులేటర్ ప్రోగ్రాంలు దాన్ని చదివి ట్యాప్ ఫైలుగా మార్చితే తిరిగి 48 కేబీకి అటూ ఇటూగా వచ్చేస్తుంది. అప్పుడు ఆ పెద్ద ఫైలును నిశ్చింతగా తీసేయవచ్చు.

కేసెట్టును రికార్డరులో పెట్టే ముందు ఒక్క పని చేయండి. కేసెట్టు వెనక అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. వాటిని విరిస్తే రికార్డు మీట కిందికి దిగదు. ఈ సంగతి తెలియని వయసులో నేను అమ్మ భజనల కేసెట్టు మీద నా ప్రోగ్రాం ఎక్కించాను. మర్నాడు పొద్దున పూజ వేళకు ఇంట్లో రెండు నిమిషాల భజన, ఆపైన అయిదు నిమిషాల కీచురాయి కూత. మీ కేసెట్ల పలుకులు ఇంకా విరగకుండా ఉంటే, ప్లే నొక్కకముందే చిన్న స్క్రూడ్రైవరుతో తీసేయండి.